ఆకలి ఫోటోకు డబ్బులిచ్చేదెవరు?

2009 చలికాలంలో ఒక ఆదివారం నోయిడాలో కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గరికి దుబాసీగా వెళ్ళాను. నా ఉద్యోగం అది కాదు. ఢిల్లీలో ఉంటున్న ఒక యువ ఫోటోగ్రాఫర్‌కు విదేశీ సంస్థ ఒకటి గ్రాంటు ఇచ్చింది. వలస కూలీల జీవితం మీద ఏడాది పాటు ఫోటోలు తీయాలి. అక్కడ పనిచేసేవాళ్ళలో నలభై మంది దాకా పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. అతనికి తెలుగు రాదు, వాళ్ళకు హిందీ అంతంతమాత్రం. ఒక మిత్రుడు నా పేరు చెప్పాడు. సెలవు రోజే కదా అని వెళ్ళాను.

రేకుల షెడ్ల ముందు ఒకామె మూడు రాళ్ళ పొయ్యి మీద అన్నం వండుతోంది. పక్కన ఇసుక కుప్ప మీద చంటిపిల్ల. పొగలోంచి వెలుతురు బాగా వస్తోందని అతను అరగంట సేపు ఫోటోలు తీశాడు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. అయిపోయాక నన్ను అడిగింది: "సారూ, గీ ఫోటో ఏడికి పోతది?"

అతన్ని అడిగాను. ఎగ్జిబిషన్‌కు, వీలైతే పుస్తకంలోకి అన్నాడు. అదే ఆమెకు చెప్పాను. "మాకొకటి ఇస్తరా మరి?" అంది. ఇస్తామన్నాను. అతన్ని అడక్కుండా నా అంతట నేనే అనేశాను.

ఆమె వేసింది చాలా మంచి ప్రశ్న. కష్టాల్లో ఉన్నవాళ్ళ ఫోటోలు చూసి మనం కళ్ళు తుడుచుకుంటాం, చందాలిస్తాం, ఫోటోగ్రాఫర్ ధైర్యాన్ని మెచ్చుకుంటాం. అతని రైలు ఖర్చు ఎవరు పెట్టారు, ఆ ఫోటో ఎవరి చేతికి వెళ్ళింది అని మాత్రం అడగం. బాబాగారి ఆశ్రమానికి డబ్బు ఎక్కడిదని నిలదీసే మన హేతువాదులు కూడా ఇక్కడ ఊరుకుంటారు! మంచి పని కదా, లెక్కలు అడిగితే ఏం బాగుంటుంది అనుకుంటాం. అడగాలనే నా అభిప్రాయం. మంచి పనికి లెక్క ఇంకా గట్టిగా అడగాలి.

కథ మన ప్రాంతం నుంచే మొదలుపెడతాను. 1876–78లో మద్రాసు రాజధానిలో వచ్చిన మహా కరువును రాయలసీమలో ధాత కరువు అంటారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. ఆ రోజుల్లో మద్రాసు సైన్యంలో విలియబీ వాలెస్ హూపర్ అనే అధికారి ఉండేవాడు. ఎముకల గూళ్ళలా ఉన్న మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. పెద్దవాళ్ళు వెనక, పిల్లలు ముందు. పెళ్ళిలో గ్రూపు ఫోటో తీసినట్టే. ఆ ఫోటోలు ఇంగ్లండు చేరాయి. వాటిని చూసి కరువు నిజమని అక్కడివాళ్ళు నమ్మారు. అంతవరకు మేలే. కానీ ఫోటో తీశాక వాళ్ళకు పిడికెడు అన్నం కూడా పెట్టకుండా పంపేశాడని హూపర్ మీద ఆ కాలంలోనే విమర్శ వచ్చింది, వ్యంగ్య చిత్రం కూడా వేశారు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఏ ఊరివాళ్ళో తెలియదు. అందులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉండే ఉంటారు.

రెండో ఉదాహరణ హైదరాబాదుది. దాని కాగితాలు మాత్రం ఢిల్లీలో ఉన్నాయి. రాజా దీన్ దయాళ్ అనగానే ఆరో నిజాం వేటలు, విందులు, మహళ్ళు గుర్తొస్తాయి. ఆయన గాజు నెగటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొన్నది. ఢిల్లీలోనే ఉన్న ఆల్కాజీ సంగ్రహంలోనూ ఆయన ఫోటోలున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరి కరువులో నిజాం సర్కారు ఔరంగాబాదు ప్రాంతంలో చేపట్టిన సహాయ కార్యక్రమాలను ఆయన కంపెనీ ఫోటోలు తీసింది. ఆ ఆల్బం పేరులోనే 'మంచి పనులు' అనే మాట ఉంది. డబ్బిచ్చింది సర్కారు. కనుక ఫోటోల్లో కరువు తక్కువ, సర్కారు దయ ఎక్కువ. దీన్ దయాళ్‌ను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. జీతం ఇచ్చేవాడు ఏది చూడాలనుకుంటాడో కెమెరా అటు తిరుగుతుంది, అంతే.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ పేదల పునరావాసానికి ఒక సంస్థ పెట్టి, ఫోటోగ్రాఫర్లకు జీతాలిచ్చి ఊళ్ళ మీదికి పంపింది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర డొరొతియా లాంగ్ ఒక వలస కూలీ తల్లిని ఫోటో తీసింది. ప్రపంచంలో ఎక్కువసార్లు అచ్చయిన ఫోటోల్లో అది ఒకటి. ఫోటో పత్రికలో రాగానే ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల తిండి సామాను పంపింది. కానీ అప్పటికే ఆ కుటుంబం పని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది! లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై రెండేళ్ళ తర్వాత. ఆ ఫోటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది.

ఇక ప్రభుత్వం జీతం ఇవ్వదు, పత్రిక మూడు రోజులకంటే ఎక్కువ సమయం ఇవ్వదు, అయినా నెమ్మదిగా లోతుగా చేయాల్సిన పని ఉంది. అలాంటి పనికి డబ్బెలా? ఇక్కడే గ్రాంటు వస్తుంది. దీనికి యూజీన్ స్మిత్ పేరు చెప్పక తప్పదు. జపాన్‌లో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసంతో మినమాతా ప్రజలకు అంతుపట్టని జబ్బు వచ్చింది. స్మిత్, ఆయన భార్య ఐలీన్ 1971 నుంచి మూడేళ్ళు అక్కడే కాపురముండి ఫోటోలు తీశారు. 1972లో కంపెనీ మనుషులు ఆయన్ను చావగొట్టారు. 1978లో ఆయన చనిపోయేనాటికి బ్యాంకులో 18 డాలర్లు ఉన్నాయని అంటారు. మరుసటి ఏడాదే మిత్రులు ఆయన పేరున నిధి పెట్టారు. 1980 నుంచి ఏటా 'మానవతా ఫోటోగ్రఫీ'కి గ్రాంటు ఇవ్వడం మొదలైంది. 1982లో ఇది అందుకున్న సెబాస్టియావో సల్గాడో తర్వాత ధన్‌బాద్ బొగ్గు గని కార్మికులను కూడా తీశాడు.

స్మిత్ ఫోటోల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది తొమోకో అనే అమ్మాయికి తల్లి స్నానం చేయిస్తున్న ఫోటో. తల్లి కడుపులో ఉండగానే విషం ఎక్కిన బిడ్డ. ఆమె 1977లో చనిపోయింది. కూతురు ప్రతి గోడ మీదా, ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తూ ఉండడం తల్లిదండ్రులు భరించలేకపోయారు. ఆమెకు ఇక విశ్రాంతి కావాలన్నారు. 1998లో ఐలీన్ ఆ ఫోటోను ఇకమీదట అచ్చు వేయనివ్వనని ఒప్పుకుంది. ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి. ఆ ఫోటో కంపెనీ నేరానికి సాక్ష్యం. కానీ ఆ సాక్ష్యం వాళ్ళ బిడ్డ. 2020లో స్మిత్ మీద సినిమా వచ్చినప్పుడు ఆ దృశ్యం మళ్ళీ తెర మీదికి ఎక్కింది. వాదన ఇంకా తెగలేదు.

మన దేశానికి ఇలాంటి ఫోటో భోపాల్‌ది. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ గ్యాసు వదిలింది. ఢిల్లీ ఫోటోగ్రాఫర్లు ఇద్దరు, రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ, అక్కడికి వెళ్ళారు. పూడుస్తున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని ఇద్దరూ తీశారు, ఒకరు నలుపు తెలుపుల్లో, ఒకరు రంగుల్లో. పాబ్లో ఫోటోకు ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో అత్యున్నత బహుమతి వచ్చింది. రఘు రాయ్ ఫోటో ఉద్యమ పోస్టర్ల మీదికి ఎక్కింది. ఆ బిడ్డ ఎవరో ఇప్పటికీ తెలియదు. నా బిడ్డే అని ఎవరూ రాలేదు. 1989లో కంపెనీ 47 కోట్ల డాలర్లు కట్టి చేతులు కడుక్కుంది. 2002లో గ్రీన్‌పీస్ సంస్థ ఖర్చు పెట్టుకుని రఘు రాయ్‌ను మళ్ళీ భోపాల్ పంపింది. ఈసారి ఆయన బతికున్నవాళ్ళను తీశాడు. ఆ ఫోటోలు పుస్తకంగా వచ్చాయి, ఇరవయ్యేళ్ళ సందర్భంగా దేశదేశాలూ తిరిగాయి. గ్రీన్‌పీస్‌కు తన ఎజెండా ఉందని కొందరు విమర్శించవచ్చు. ఉంటే ఉండనివ్వండి. ఎవరు డబ్బిచ్చారో, ఎందుకిచ్చారో అట్ట మీదే ఉంది. చదివేవాడు తూకం వేసుకుంటాడు. దాచిన డబ్బుతోనే చిక్కు.

గ్రాంటు డబ్బు సద్వినియోగమైన సందర్భం చెప్పమంటే నేను పాలగుమ్మి సాయినాథ్ పేరు చెబుతాను. తెలుగువాడని కాదు. (కొంచెం అది కూడా ఉందేమో!) మద్రాసులో పుట్టాడు, వి.వి. గిరి మనవడు, ఢిల్లీలో జె.ఎన్.యు.లో చరిత్ర చదివాడు. 1993లో టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్ తీసుకుని దేశంలోని అతి పేద జిల్లాలకు వెళ్ళాడు. పద్దెనిమిది నెలల్లో 84 వార్తాకథనాలు అచ్చయ్యాయి. 1996లో పుస్తకం వచ్చింది. ఆ కథనాలు అందరికీ తెలుసు. ఆ ప్రయాణాల్లో ఆయన చేతిలో కెమెరా కూడా ఉందని చాలామందికి తెలియదు. 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో పల్లె ఆడవాళ్ళ పని మీద తీసిన ఫోటోలను ఒక ప్రదర్శనగా చేశాడు.

అందులో ఒక ఫోటో నాకు మరపు రాదు. పొలంలో భూస్వామి నిటారుగా నిలబడి ఫోటోకు పోజిచ్చాడు. వెనక తొమ్మిది మంది ఆడవాళ్ళు నడుం వంచి నాట్లు వేస్తున్నారు. రోజుకు 40 రూపాయలిస్తున్నానని ఆయన చెప్పాడు. ఆ ఆడవాళ్ళను తర్వాత అడిగితే 25 అన్నారు. వాళ్ళు ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చిన భూమిలేని కూలీలు. వంగిన నడుమును కెమెరా చూపిస్తుంది. మాయమైన 15 రూపాయలను చూపించలేదు. దానికి రెండోసారి అడగాలి, భూస్వామి పక్కన లేనప్పుడు అడగాలి. అలా ఆగడానికి సమయం కావాలి. గ్రాంటు కొనిపెట్టేది నిజానికి ఆ సమయాన్నే, కెమెరాను కాదు.

ఇంకొక సంగతి. ఆ ప్రదర్శన గ్యాలరీలకే పరిమితం కాలేదు. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, వ్యవసాయ కార్మికుల సభల్లో, బస్ స్టేషన్లలో పెట్టారు. ఫోటో ఎక్కడికి పోతదని అడిగిన వాళ్ళకు అది కొంతవరకైనా జవాబే.

అయితే గ్రాంటు పద్ధతిలోనే ఒక దోషం ఉంది. దరఖాస్తులో ఏం తీయబోతున్నావో ముందే రాయాలి. ఎవరు బాధితులు, ఏ బాధ, ఎందుకు ముఖ్యం, అన్నీ ఢిల్లీలో గదిలో కూర్చునే తేల్చేయాలి. నమూనాగా పది ఇరవై ఫోటోలు జత చేయాలి. ప్రయోగం చేయకముందే ఫలితం రాసివ్వడం లాంటిదిది! జ్యూరీకి ఒక్క చూపులో గుండె పట్టేసే ఫోటో కావాలి. పాలమూరు వాళ్ళు సాయంత్రం పూట నవ్వుకుంటూ పేకాడుకునే ఫోటో దరఖాస్తులో పెట్టరు. గ్రాంటు లేకుండా చేసే పనికీ ఇదే జబ్బు అంటుకుంది. 2018లో వరల్డ్ ప్రెస్ ఫోటో వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఒక ఇటలీ ఫోటోగ్రాఫర్ చిత్రాలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో పేదవాళ్ళను బల్ల ముందు నిలబెట్టి, బల్ల నిండా ఉత్తుత్తి భోజనం పరిచి, కళ్ళు మూసుకుని ఇష్టమైన తిండి ఊహించుకోమన్నాడట. ప్రపంచమంతా తిట్టిపోసింది. క్షమాపణ చెప్పాడు. హూపర్‌కూ ఇతనికీ నూట నలభై ఏళ్ళ దూరం. హూపర్ కనీసం బొమ్మ అన్నం పెట్టలేదు.

గ్రాంట్లు వద్దని నా వాదన కాదు. ఢిల్లీలో 1992లో పుట్టిన నేషనల్ ఫౌండేషన్ ఫర్ ఇండియా పాత్రికేయులకు ఫెలోషిప్పులిచ్చింది. దీన్ దయాళ్ ఫోటోలు కాపాడిన ఆల్కాజీ ఫౌండేషన్ కూడా డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీకి గ్రాంట్లిచ్చింది. ఇవి లేకపోతే పేదవాడి ఫోటో వాడికి జబ్బో చావో వచ్చిన రోజునే పేపర్లో పడుతుంది. నేనడిగేది చిన్నది. బడ్జెట్ కాగితంలో ప్రయాణానికి, వసతికి, ప్రింట్లకు, ప్రదర్శనకు వరసలుంటాయి. ఫోటోలో ఉన్న మనిషికి ఒక ప్రింటు చేర్చడానికి ఒక వరస, పేరూ ఊరూ సరిగ్గా రాసుకోవడానికి ఒక వరస పెట్టమనండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే అదీ రాసుకోవాలి. ఇందుకు అయ్యే ఖర్చు ఒక విమానం టికెట్టులో పదో వంతు ఉండదు.

నోయిడా ఫోటోల సంగతి చెప్పాలి కదా. అతను మాట తప్పే మనిషి కాదు. నేను గుర్తు చేస్తే నాలుగు నెలల తర్వాత మూడు ప్రింట్లు కవరులో పెట్టి పంపాడు. తీసుకుని వెళ్ళాను. షెడ్లు లేవు. స్లాబులు అయిపోయాయి, పాలమూరు వాళ్ళు వెళ్ళిపోయారు, టైల్స్ వేసే వేరే ముఠా వచ్చింది. వాచ్‌మన్‌ను అడిగితే మేస్త్రీ వాళ్ళను పూనా వైపు తీసుకెళ్ళాడన్నాడు. మేస్త్రీ ఫోన్ నంబరు ఇచ్చాడు. చేశాను, మోగింది, హిందీలో ఎవరో ఎత్తారు, రాంగ్ నంబర్ అన్నారు. ఊరి పేరుతో వెతుకుదామంటే ఆమె చెప్పింది కొడంగల్ దగ్గరని మాత్రమే. పేరు అడిగానా అంటే, లేదు. డొరొతియా లాంగ్‌ను తప్పు పట్టిన నేనే అడగలేదు. అరగంట సేపు ఆమె పక్కన నిలబడ్డాను, ఆమె భాష తెలిసిన మనిషిని నేనొక్కడినే.

ఆ కవరు నా దగ్గరే ఉంది. పొయ్యి, పొగ, ఇసుక కుప్ప మీద పిల్ల. ఆ పిల్లకు ఇప్పుడు పదిహేనేళ్ళు దాటి ఉంటాయి.