చీటీల పెట్టె నుండి మాటలాడు యంత్రము వఱకు

వేదమును వ్రాతలో పెట్టక నోటితోనే తరతరములు కాపాడిన దేశము మనది. పదము, క్రమము, జట, ఘన అను పాఠభేదములతో ఒక్క మంత్రమునే ముందు వెనుకలుగా పలుమారులు పలికించి, అక్షరమైనను జాఱిపోకుండునట్లు మన పెద్దలు కట్టడి చేసిరి. అష్టావధాని పృచ్ఛకుల కోరికలకు పాదము పాదముగా పద్యములు చెప్పుచు, నడుమ నడుమ ఇతర ప్రశ్నలకు బదులిచ్చుచు, కడపట వానినన్నింటిని ధారణ చేయును. వీధిబడిలో ఎక్కములు వల్లించిన తరమునకు ధారణయన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. నేడు నేను చెప్పబోవు చరిత్రములో ఉపకరణములు మాత్రమే కొత్తవి, పని పాతదే.

మఱపును కొలిచి చూడవలెనను తలంపుతో ఈ చరిత్ర ఆరంభమగుచున్నది. జర్మనీదేశమున హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు 1879వ సంవత్సరము మొదలుకొని తనమీదనే పరీక్షలు చేసికొనెను. అర్థమున్న మాటలైనచో అర్థమే జ్ఞాపకమునకు తోడ్పడునని యెంచి, అర్థములేని శబ్దములను సుమారు 2,300 కల్పించి, వాని వరుసలను వల్లించి, కొంతకాలము గడచిన పిదప వానినే మఱల నేర్చుటకు శ్రమ యెంత తగ్గినదో లెక్క వ్రాసెను. ఒక గంట గడచిన పిమ్మట కలిసివచ్చిన శ్రమ నూటికి 44 వంతులు; ఒక దినమునకు 34; 31 దినములకు 21. అనగా మఱపు మొదట వేగముగా వచ్చి, పిదప నెమ్మదించునని తేలినది. ఆయన 1885లో ప్రకటించిన గ్రంథములో మఱియొక విశేషము కలదు. ఒక్క దినమున 68 మారులు వల్లించుటవలన కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించినను కలిగెను. పరీక్ష ముందటి రాత్రి దీపము పెట్టుకొని చదువు బాలునకు మన యిండ్లలో పెద్దలు చెప్పు మాటయే అచ్చట లెక్కలతో రుజువైనది.

1939లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున స్పిట్జర్ అను ఆయన ఆఱవ తరగతి పిల్లలను 3,605 మందిని పరీక్షించెను. పాఠము చదివిన వెంటనే ప్రశ్నలకు బదులిచ్చిన పిల్లలకు, అట్లు ప్రశ్నింపబడని పిల్లలకంటె పాఠము ఎక్కువకాలము గుర్తుండెను. ప్రశ్న విద్యను కొలుచుటయే కాక నిలుపునని దీనివలన తెలియుచున్నది.

ఈ రెండు సత్యములను సామాన్యుని చేతికందునట్లు చేసినవాడు సెబాస్టియన్ లైట్నర్. 1972లో జర్మను భాషలో తాను వ్రాసిన పుస్తకములో ఆయన అయిదు అరలుగల యొక చీటీల పెట్టెను వర్ణించెను. చీటీకి ఒకవైపున ప్రశ్న, వెనుకవైపున జవాబు. జవాబు జ్ఞప్తికి వచ్చిన చీటీ తరువాతి అరకు పోవును. రానిది మొదటి అరకు తిరిగి వచ్చును. ముందటి అరలోనివానిని తఱచుగాను, కడపటి అరలోనివానిని అరుదుగాను చూచుకొనవలెను. ఆవిధముగా కష్టమైన చీటీకే యెక్కువ శ్రమ దక్కును.

పోలెండు దేశమున పొజ్నాన్ నగరములో విద్యార్థియై యుండిన ప్యోటర్ వోజ్నియాక్ 1985లో ఈ పని కాగితములపై ఆరంభించి, 1987 డిసెంబరులో సూపర్‌మెమో అను కంప్యూటరు ప్రోగ్రామును వ్రాసెను. సరిగా జ్ఞప్తికి వచ్చిన చీటీని మొదట ఒక దినమునకు, పిదప ఆఱు దినములకు, అటుపిమ్మట గడచిన యెడమును సుమారు రెండున్నర రెట్లు పెంచుచు చూపుట దాని పద్ధతి. ఈ లెక్కచొప్పున తప్పకుండ జ్ఞప్తికి వచ్చుచున్న చీటీని రెండు నెలలలో 1వ, 7వ, 22వ, 60వ దినములందు నాలుగు మారులు చూచిన చాలును. 2006లో డేమియన్ ఎల్మ్స్ అనునాయన అంకి అను ప్రోగ్రామును వెలువరించెను. జపాను భాషలో ఆ మాటకు కంఠస్థము చేయుట యని యర్థము. కంప్యూటరుపై దానిని ఉచితముగా వాడుకొనవచ్చును. వైద్యవిద్యార్థులును, పరభాషలు నేర్చువారును దానిని విరివిగా వాడుచున్నారు.

ఎప్పుడు చదువవలెనను భారమును యంత్రము ఈ విధముగా గ్రహించినది. చీటీలను వ్రాయు భారము మాత్రము విద్యార్థిమీదనే నిలిచియుండెను. ఒక అధ్యాయమునకు నూఱు చీటీలు వ్రాయవలెనన్న విసిగి విడిచినవారు పెక్కుమంది. 2022 నవంబరు 30న ఛాట్‌జీపీటీ వెలువడినది మొదలు, మనుష్యభాషలో బదులుచెప్పు కృత్రిమమేధా సహాయకులు జనులకు అలవడిరి. పాఠమునిచ్చి ప్రశ్నలు వ్రాయుమన్న నిమిషములో వ్రాయుదురు. కాని ఆ ప్రశ్నలను మఱల చీటీల ప్రోగ్రాములోనికి చేతితో ఎక్కింపవలసి యుండెను. రెంటికిని నడుమ వంతెన కావలసివచ్చెను.

అంకికి తోడుగా చేర్చుకొను అంకి-కనెక్ట్ అను చిన్న ప్రోగ్రాము ఆ వంతెనకు ఒక కొస. అది యదే కంప్యూటరులోని ఇతర ప్రోగ్రాములకు 8765 అను సంఖ్యగల యొక తలుపును తెఱచును. రెండవ కొసను 2024 నవంబరు 25న ఆంత్రోపిక్ అను అమెరికా సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఒడంబడిక సమకూర్చినది. సంతలో అందఱకును ఒకే మానిక యున్నచో బేరము సులభమగునట్లు, ఏ సహాయకుడైనను ఏ ప్రోగ్రాముతోనైనను మాటలాడుటకు ఒకే మర్యాదను అది నిర్ణయించినది. ఈ వంతెన మీదుగా సహాయకుడు విద్యార్థి చీటీలను వెదకును, కొత్తవానిని చేర్చును, పలుమారులు తప్పినవి యేవో చూచి, ఆ విషయమును మఱియొక రీతిగా బోధించును. ట్యూషనుకు పోలేని పల్లెటూరి విద్యార్థికి ఇది స్వల్పమైన మేలు కాదు.

అయితే, మహాశయులారా, ఇచ్చట మనము ఆగి యోచింపవలసిన సంగతు లున్నవి. ఈ సహాయకులు అబద్ధమును గూడ నిబ్బరముగా పలుకుదురు. శ్రీశైలము ఏ జిల్లాలోనిదని చీటీ వ్రాయుమన్నప్పుడు, పాత పుస్తకముల ననుసరించి కర్నూలు జిల్లా యని వ్రాయవచ్చును. 2022 ఏప్రిలు 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆ క్షేత్రము నంద్యాల జిల్లాలో చేరినది. తప్పు చీటీకిని ఒప్పు చీటీకిని యంత్రము ఒకే లెక్క వేయును. మొదటి దినము, ఏడవ దినము, ఇరువదిరెండవ దినము చూపి ఆ తప్పును చక్కగా పాతుకొనజేయును. చదివి మఱచిన తప్పు కంటె వల్లించిన తప్పు ప్రమాదకరము.

రెండవది: చీటీ వ్రాయుట కేవలము కూలిపని కాదు. పాఠములో ముఖ్యమేదో, ప్రశ్న యెట్లడుగవలెనో తేల్చుకొనుటలోనే సగము చదువు జరుగును. వోజ్నియాకే 1999లో చీటీల రచనకు ఇరువది నియమములు వ్రాసి, అర్థము కానిదానిని నేర్వవలదని మొట్టమొదటి నియమముగా పెట్టెను. తాను వ్రాయని నూఱు చీటీలు ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు ఈ నియమమే ముందుగా భంగమగును. మూడవది: తలుపు తెఱచినప్పుడు చేర్చుటయే కాక చెఱుపుటయు సాధ్యము. కావున చీటీలకు వేఱొక ప్రతి దాచుకొనవలెను; సహాయకుడు ఏ మార్పు చేయబోయినను ముందుగా అనుమతి యడుగునట్లు ఏర్పాటు చేసికొనవలెను. సహాయకుడు దూరదేశపు కంప్యూటర్లలో నడచుచున్నచో మనము చూపిన వ్రాత అక్కడికి పోవునని గూడ ఎఱుగవలెను.

నా అభిప్రాయమును స్పష్టముగా చెప్పెదను. ఎప్పుడు చదువవలెనో లెక్కించుటను యంత్రమునకు విడువవచ్చును. చీటీలను వ్రాయుటలో దాని సాయము గైకొనవచ్చును. కాని ఒక్కొక్క చీటీని పాఠ్యపుస్తకముతో సరిపోల్చి, అర్థము చేసికొని, పిదపనే పెట్టెలో చేర్చవలెను. జ్ఞప్తికి తెచ్చుకొనుట మాత్రము విద్యార్థి తానే చేయవలసిన పని.

మీ మనుమలును మనుమరాండ్రును ఇట్టి సాధనములను వాడుచున్నచో, వద్దని వారింపకుడు. సాయంకాలమున కొంతసేపు వారి చీటీలను చేతికి తీసికొని మీరే ప్రశ్నలడుగుడు. ఇంగ్లీషు రాకున్నను, కంప్యూటరు తెలియకున్నను, ఇది యెందుకు ఇట్లయినదని అడుగుటకు అడ్డము లేదు. బిడ్డ తన మాటలతో మీకు బోధపఱుపగలిగినచో ఆ చీటీ నిలువదగినది. తడబడినచో దానిని తీసివేసి పాఠమునకు మఱలవలయును. కంప్యూటరు లేని యింట అట్టముక్కలును అయిదు అరల పెట్టెయును చాలును. 1972 నాటి ఆ పెట్టెకు విద్యుత్తు అక్కఱలేదు.