సెకండ్ హ్యాండ్ రాకెట్

2016 ఆగస్టు 30. లక్సెంబర్గ్‌కు చెందిన ఉపగ్రహాల సంస్థ ఎస్ఈఎస్, తన ఎస్ఈఎస్-10ను స్పేస్ఎక్స్ అప్పటికే ఒకసారి వాడిన ఫాల్కన్-9 మీద పంపుతానని ప్రకటించింది. వాడేసిన రాకెట్‌కు దొరికిన తొలి బేరం అది.

రెండు రోజులు తిరిగేసరికి కేప్ కెనావెరల్‌లో ఇంధనం నింపుతుండగా ఓ ఫాల్కన్-9 పేలిపోయింది. దాని నెత్తినున్న ఇజ్రాయెల్ ఉపగ్రహం ఆమోస్-6 బూడిదైంది. పేలింది కొత్త రాకెట్టే! కొత్తదానికే దిక్కులేనప్పుడు పాతదాన్ని నమ్మేదెవరు?

ఎస్ఈఎస్ నమ్మింది. సాంకేతికాధికారి మార్టిన్ హాలివెల్ మాట మార్చలేదు. భయానికి వెలకట్టే బీమా కంపెనీలు సైతం ప్రీమియం పెద్దగా పెంచలేదు.

తిరిగి వాడటం అప్పటికి కొత్తేమీ కాదు. అమెరికా స్పేస్ షటిల్ 135 సార్లు ఎగిరింది. దిగిన ప్రతిసారీ వేడి నుంచి కాపాడే వేలాది టైల్స్ పరీక్షించాలి, ఇంజన్లు విప్పి చూడాలి. ఖర్చు తడిసి మోపెడైంది. దించడం ఒక ఎత్తు, బాగుచేసే ఖర్చు అదుపులో ఉంచడం ఇంకో ఎత్తు.

2017 మార్చి 30, సాయంత్రం 6:27. అపోలో-11 బయల్దేరిన 39ఎ ప్యాడ్ మీద ఎస్ఈఎస్-10తో ఆ పాత ఫాల్కన్-9. తొమ్మిది ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. రెండున్నర నిమిషాలు దాటాక మొదటి దశ విడిపోయింది. రాకెట్ ఖరీదులో సగానికి పైగా దానిదే. పై దశ ఉపగ్రహంతో ముందుకు దూసుకుపోగా, ఇది వెనుదిరిగి మళ్లీ ఇంజన్లు మండించి, వేగం చంపుకుంటూ అట్లాంటిక్‌లో కాచుకున్న మనుషుల్లేని నౌక మీదికి దిగసాగింది. నాలుగు కాళ్లు విచ్చుకున్నాయి. ఎనిమిదిన్నర నిమిషాలకు నిటారుగా నిలబడింది, రెండోసారి! ఇక్కడికి రావడానికి పదిహేనేళ్లు పట్టిందన్నాడు స్పేస్ఎక్స్ అధిపతి ఎలాన్ మస్క్.

ఆ మొదటి దశను బాగుచేయడానికి కొత్తదానికయ్యే ఖర్చులో సగం కంటే చాలా తక్కువే అయిందని సంస్థ అధ్యక్షురాలు గ్విన్ షాట్‌వెల్ తర్వాత చెప్పారు. అయితే ఆ మిగులంతా కొనేవాడికి దక్కిందనుకుంటే పొరపాటు. 2016లో 6.2 కోట్ల డాలర్లున్న ఫాల్కన్-9 ధర 2024కల్లా 7 కోట్లకు చేరువైంది. గట్టి పోటీదారు లేనప్పుడు ఎవరు మాత్రం తగ్గిస్తారు?

ఆ బేరం మనదాకా వచ్చింది. శ్రీహరికోట నుంచి మన ఎల్‌వీఎం-3 రాకెట్ భూస్థిర బదిలీ కక్ష్యకు అప్పట్లో మోయగలిగింది సుమారు 4,000 కిలోలు. అందుకే 4,700 కిలోల మన ఉపగ్రహం జీశాట్-ఎన్2, భారత కాలమానం ప్రకారం 2024 నవంబరు 19న కేప్ కెనావెరల్ నుంచి వెళ్లింది, అంతకుముందే పలుమార్లు ఎగిరిన ఫాల్కన్-9 మీద.