ఆకాశములో వంతులు

రాత్రివేళ రేడియో ముల్లు త్రిప్పువారికి ఒక అనుభవము చిరపరిచితము. పగలంతయు స్పష్టముగ వినవచ్చిన కేంద్రము ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మరియొక దూరకేంద్రముతో కలిసిపోవును. సగము మన పాట, సగము తెలియని భాషలోని వార్తలు. రెండును వినబడును, ఏదియు అర్థము కాదు. మధ్యమ తరంగములు పగటివేళ నేలను అంటిపెట్టుకొని కొంతదూరము మాత్రమే పోవును. రాత్రి అయినచో, పైనున్న అయనావరణము వానిని క్రిందికి త్రిప్పిపంపగా, అవి వందలకొలది మైళ్ల ఆవల దిగును. ఇందులో తప్పు మన యింటి యంత్రముది కాదు. ఇద్దరు ఒకే దారిన ఒకేసారి మాటాడిరి, అంతియే.

ఇట్టి కలహమును మాన్పుటకు మనుష్యుడు కనుగొన్న ఉపాయము యొక్క చరిత్రను నేడు చెప్పదలచితిమి. ఆ చరిత్ర ఇంగ్లండు దేశపటమునొద్ద మొదలై, రాయలసీమ పొలిమేరనున్న వేరుసెనగ చేనివరకు వచ్చినది. దాని కీలకము తెలియుటకు మాత్రము మన మహానంది చాలును.

మహానంది నంద్యాలకు సమీపమున, నల్లమల కొండల పాదమున నున్నది. ఆలయపు కోనేటిలోని ఊట ఎండదు. అడుగున పడిన గుండుసూదియైనను కనబడునంత తేట నీరని దానికి ప్రసిద్ధి. కోనేటినుండి వెడలిన నీరు చుట్టుప్రక్కల పొలములను, అరటితోటలను తడుపుచున్నది. ఎండిన సీమలో ఇట్టి భాగ్యము ఎన్ని ఊళ్లకు కలదు? తక్కిన గ్రామములు చెరువు నీటిని నమ్ముకొనినవి. అచ్చట నీరుగంటి యనువాడు తూము తెరచి, ఎవరి మడికి ఎప్పుడు నీరు పారవలయునో నిర్ణయించుట పూర్వాచారము. ఒకే కాలువమీది రైతులందరు ఒకేసారి మడవలు తెరచినచో పైవానికి కొంత దక్కును, చివరివానికి ఏమియు దక్కదు. కావున వారికి వేరువేరు వేళలు. వేరువేరు కాలువలమీది వారికి తగవు లేదు గనుక వారు ఒకే వేళ పారించుకొనవచ్చును. వంతు అనగా ఇదియే: తగవు గలవారిని వేరుచేయుట, తగవు లేనివారిని కలుపుట.

ఇక దేశపటము మాట. 1852లో ఫ్రాన్సిస్ గథ్రీ అను యువకుడు ఇంగ్లండులోని జిల్లాల పటమునకు రంగులు వేయుచు ఒక విశేషమును గమనించెను. సరిహద్దు కలిసిన జిల్లాలకు ఒకే రంగు పడరాదను నియమము పెట్టుకొనినను, నాలుగు రంగులే చాలుచున్నవి. ఏ పటమునకైనను నాలుగు చాలునా? ఈ ప్రశ్న అతని తమ్ముని ద్వారమున డి మోర్గన్ అను గణితాచార్యుని చేరెను. ఆయన దానిని డబ్లిన్‌లోని హామిల్టన్ పండితునకు వ్రాసెను. 1879లో కెంప్ అను న్యాయవాది దీనిని నిరూపించితిననెను. పండితులు ఒప్పుకొనిరి. పదునొకండేండ్లు గడచిన పిమ్మట, 1890లో, హీవుడ్ అనువాడు ఆ నిరూపణములో లోపమును చూపెను. తుదకు 1976లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఎపెల్, హేకెన్ అను నిరువురు కంప్యూటరు సాయముతో నాలుగు రంగులు చాలునని స్థాపించిరి.

పిల్లలాటవలె తోచు ఈ ప్రశ్న నుండి పెద్ద ప్రయోజనమొకటి పుట్టినది. పటమును తీసివేసి, జిల్లాకొక చుక్క పెట్టి, సరిహద్దు కలిసిన రెండు చుక్కలను గీతతో కలిపినను లెక్క మారదు. చుక్కలు, గీతలు గల ఈ చిత్రమునే గణితజ్ఞులు గ్రాఫు అనిరి. ఇక చుక్క జిల్లాయే కానక్కరలేదు. అది పరీక్ష కావచ్చును, రైలుబండి కావచ్చును, రేడియోకేంద్రము కావచ్చును. గీత అనగా తగవు. రంగు అనగా వంతు.

మా రేడియోవారికి రంగు అనగా పౌనఃపున్యము. విజయవాడ కేంద్రము 1948లో వెలసినది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరినది. కడప కేంద్రము 1963లో ప్రారంభమైనది. ఇవి ఒకదానినొకటి చెరుపకుండ ఉండవలయునన్నచో ఒక్కొక్కదానికి వేరు స్థానము కావలయును. స్థానములా పరిమితములు. 1975లో జెనీవాలో దేశములు కూడి మధ్యమ తరంగముల స్థానములను పంచుకొనగా, ఆ ఏర్పాటు 1978 నవంబరు 23న అమలునకు వచ్చెను. స్థానమునకును స్థానమునకును నడుమ ఎడము 9 కిలోహెర్ట్‌జులు. ఆ పద్ధతిలో హైదరాబాదునకు 738, విజయవాడకు 837, కడపకు 900, విశాఖపట్టణమునకు 927 లభించినవి. శ్రోతలు వీనిని 9 చేత భాగించి చూడవచ్చును, శేషము మిగులదు. మిగుల దూరమున నున్న రెండు కేంద్రములకు ఒకే సంఖ్య నిచ్చుట కూడ కలదు. ఇది పటమునకు రంగులు వేయు పనియే. 1970లో మెట్జరు, 1980లో హేల్ అను శాస్త్రజ్ఞులు ఈ పోలికను గణితశాస్త్ర మర్యాదతో వివరించిరి.

పౌనఃపున్యము ఒక్కటియే యున్నచో ఏమి చేయవలయును? అప్పుడు కాలమును పంచుకొనవలయును. ఈ ప్రశ్న హవాయి ద్వీపములలో ముందునకు వచ్చినది. అచ్చటి విశ్వవిద్యాలయమున ఏబ్రమ్‌సన్ ఆచార్యుడును సహచరులును 1971లో ద్వీపములనడుమ కంప్యూటరు సందేశములను రేడియోపై నడిపిరి. వంతు లేదు, చెప్పవలసినది ఉన్నవాడు చెప్పును, మాట చెడినచో కొంతసేపటికి మరల చెప్పును. లెక్క కట్టి చూడగా, ఈ పద్ధతిలో కాలములో నూటికి 18 పాళ్లకు మించి సార్థకము కాదు. కాలమును సమాన భాగములుగ విభజించి, భాగము మొదటనే పలుకవలయునని నియమించినచో అది 36 పాళ్ల పైచిలుకు వరకు పెరుగును. తక్కినదంతయు వ్యర్థము. సంతలో అందరు ఒకేసారి అరచినట్లే.

కావున వంతులు వలయును. ఎన్ని వంతులు? దీనికై నంద్యాల ప్రాంతపు నవనందులను తలచుకొందము. ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాల పట్టణముననే యున్నవి. సూర్యనంది, శివనంది, విష్ణునంది మార్గమధ్యమున నున్నవి. గరుడనంది, వినాయకనంది, మహానంది మహానంది క్షేత్రమున నున్నవి. ఒక్కొక్క చోట చిన్న రేడియో యంత్రము నొకదానిని ఉంచితిమని ఊహింతము. పట్టణములోని మూడును ఒకదానినొకటి వినును. సోమనంది సూర్యనందిని, సూర్యనంది శివనందిని, శివనంది విష్ణునందిని, విష్ణునంది గరుడనందిని వినును. క్షేత్రములోని మూడును ఒకదానినొకటి వినును. తక్కిన జంటలు వినలేవనుకొందము.

నేరుగ వినుకొనువారికి మాత్రమే వేరు వంతు లిచ్చినచో మూడు వంతులు చాలునని తోచును. కాని ఇందులో ఒక మోసము కలదు. సోమనందియు శివనందియు ఒకరినొకరు వినరు. కావున ఇద్దరికి ఒకే వంతు ఇచ్చితిమనుకొందము. ఇద్దరును పలికినప్పుడు నడుమనున్న సూర్యనంది రెండు మాటలను ఒకేసారి విని, ఏదియు గ్రహింపజాలదు. రాత్రివేళ మన యింటి రేడియో పడు అవస్థయే ఇది. పలుకువారికి తగవు కనబడదు, వినువానికే కష్టము. 1975లో క్లైన్‌రాక్, టొబాగీ అను శాస్త్రజ్ఞులు దీనిని విమర్శించి చూపిరి. కావున పొరుగువారికే గాక, పొరుగువారి పొరుగువారికి కూడ వేరు రంగు వేయవలయును.

ఆ నియమముతో లెక్కించినచో నాలుగు వంతులు కావలయును, నాలుగే చాలును. మొదటి వంతున ప్రథమనంది, శివనంది, మహానంది. రెండవ వంతున నాగనంది, విష్ణునంది. మూడవ వంతున సోమనంది, గరుడనంది. నాలుగవ వంతున సూర్యనంది, వినాయకనంది. తొమ్మిదిమందికి తొమ్మిది వేళలు అక్కరలేదు. ఎక్కడను ఒక మాట మరియొక మాటపై పడదు.

తొమ్మిదింటికి చేతితో లెక్కింపవచ్చును. వేయింటికి? అత్యల్పసంఖ్య గల రంగులను కనుగొనుట మిక్కిలి దుష్కరమైన లెక్కల జాతికి చెందినదని 1972లో కార్ప్ చూపెను. అన్ని సందర్భములందును దానిని శీఘ్రముగ తేల్చు మార్గము నేటికిని దొరకలేదు. అయినను పని ఆగదు. ఒక్కొక్క చుక్కను వరుసగ తీసికొని, దాని తగవుదారులకు పడని మొదటి రంగును వేయుచు పోవచ్చును. ఎవనికిని అయిదుగురికి మించి తగవుదారులు లేనిచో ఆరు రంగులు తప్పక చాలును. 1985లో నెల్సన్, క్లైన్‌రాక్ వంతులను స్థలభేదముతో మరల మరల వాడుకొను పద్ధతిని వివరించిరి. 1993లో రామనాథన్, లాయిడ్ అనువారు అట్టి వంతుల నిర్ణయమునకు రంగుల మార్గములను ప్రకటించిరి. ఆ తరువాత, పై అధికారి ఎవడును లేకయే, ఒక్కొక్క యంత్రము తన ఇరుగుపొరుగులను అడిగి తన రంగును తానే యెన్నుకొను పద్ధతులును వచ్చినవి.

ఈ చిన్న యంత్రములకు వంతు ఇంత ముఖ్యమగుటకు కారణము బ్యాటరీ. చేనిలో పాతిన పనిముట్టు నేలతడిని, వేడిమిని కొలిచి చెప్పును. దానికి విద్యుత్తు తీగ ఉండదు. పలుకుటకే గాక, ఎవరు పలుకుదురోయని చెవియొగ్గి యుండుటకు కూడ బ్యాటరీ సమానముగ కరగును. వంతు తెలిసిన యంత్రము తన వేళకు, తన పొరుగువారి వేళకు మాత్రమే మేలుకొని, తక్కిన కాలము నిద్రించును. వంతు తెలియనిది రేయింబవళ్లు మేలుకొని కొలది దినములలో మూగవోవును.

అనంతపురము జిల్లాను ఆనుకొని కర్ణాటకములో పావగడ తాలూకా కలదు. అచ్చట తెలుగు మాటాడువారు అనేకులు. నేల, వాన, పంట అన్నియు మన సీమవే. 2004 ప్రాంతమున బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థయు, స్విట్జర్లండులోని లొజాన్ సాంకేతిక విద్యాలయమును కలిసి ఆ తాలూకాలోని చెన్నకేశవపురమున ఇట్టి యంత్రముల జాలమును చేలలో నెలకొల్పు ప్రయత్నమునకు పూనుకొనెను. వానపై ఆధారపడిన చిన్న రైతు వేరుసెనగ సేద్యమునకు నేలతడి వార్త ఎట్లు తోడ్పడగలదను విచారణ దాని ఉద్దేశ్యము. ఊడలు దిగు దశలో తడి చాలనిచో వేరుసెనగ కాయ కట్టదు. ఆ దినములలో ఒక వార్త పోయినచో తరువాత వచ్చిన పది వార్తలు దానికి ఈడు కావు. చేనిలో యంత్రములు పెరిగినకొలది వంతుల ప్రశ్న పెరుగును.

వంతుల సంఖ్య ఒక్కటియే చూచుట చాలదని కూడ నవనందుల లెక్కయే చెప్పుచున్నది. మహానందిలోని వార్త చేతులు మారుచు ప్రథమనందికి చేరవలయు ననుకొందము. పై ఏర్పాటులో మహానంది మొదటి వంతున పలికిన వార్తను గరుడనంది మూడవ వంతున అందించును. విష్ణునంది వంతు అప్పటికే దాటిపోయినది; మరుసటి చుట్టువరకు వేచియుండవలయును. ఇట్లు ఆగుచు ఆగుచు వార్త పదునైదవ వంతునగాని గమ్యమును చేరదు. ఆ నాలుగు రంగులనే మార్చి వేయుదము: మహానంది, సూర్యనంది మొదట, గరుడనంది, సోమనంది రెండవది, విష్ణునంది, ప్రథమనంది మూడవది, శివనంది, వినాయకనంది, నాగనంది నాలుగవది. తగవు లేదు, రంగులు హెచ్చలేదు. వార్త ఆరవ వంతుననే చేరును. ఎదురుదిక్కున పోవు వార్తకు మాత్రము ఈ వరుస అంత అనుకూలము కాదు.

ఎన్ని వంతులు వలయునో గణితము చెప్పగలదు. ఎవరి వార్త ముందుగ చేరవలయునో అది చెప్పదు. ఆ మాటను చేనిని ఎరిగినవారు చెప్పవలయును. కాలువ చివరి మడి ఎండిపోవుచుండగా పైమడికి ఇంకొక గడియ నీరు పారించు నీరుగంటిని ఊరు మెచ్చుకొనదు. చివరి మడిని కనిపెట్టి చూచువానినే తలచుకొనును. ఈ యంత్రములకు వంతులు వ్రాయువారు కూడ మొదట తెలిసికొనవలసినది జాలమునకు చివర నున్న చేను ఎవరిదో, దానికి వార్త ఎప్పటిలోగా కావలయునో అనునదియే.