ఎర్ర పొగమంచు ఆట: కీర్తి ఎంత, కృతి ఎంత?

కంప్యూటరు ఆటలలో గుండ్ల వాన కురిసే తరగతి ఒకటి ఉన్నది. ఆంగ్లంలో దీనిని బుల్లెట్ హెల్ అంటారు. జపానువారి మాట దన్మకు. దన్ అంటే తుపాకిగుండు, మకు అంటే తెర. నరకం కన్న తెరయే నాకు నచ్చింది. నాటకశాలలోని యవనిక వలె తెర అంతా రంగురంగుల గుండ్లతో నిండిపోతుంది. ఆ నేతలోని సందులు వెదకికొని ఆటగాడు తన బొమ్మను ప్రాణాలతో దాటించుకోవాలి. ఈ తరగతిలో మిక్కిలి పేరుపడ్డ వరుస 'తోహో'. అందులో ఆద్యకృతిగా అభిమానులు తలకెత్తుకొనేది 2002 ఆగస్టులో టోక్యోలోని కొమికెట్ అనే స్వీయప్రచురణల సంతలో వెలువడిన 'కోమాక్యో'. ఎర్ర పిశాచాల సీమ అని తెనిగించుకోవచ్చు. తోహో చరిత్ర ఇక్కడే మొదలైనదనీ, గుండ్ల తెరకు ఇదే ఒరవడి అనీ తరచుగా వినబడే మాట. ఆ మాటను కొంచెం తూచి చూద్దాము.

మొదటి సంగతి, ఇది మొదటిది కాదు, ఆరవది. ఈ ఆటల కర్త ఓతా జున్‌యా. జున్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. టోక్యో డెంకి విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో, అక్కడి విద్యార్థి బృందం పక్షాన, 1998 ముగిసేలోగా ఆయన ఐదు ఆటలు చేశాడు. అవన్నీ ఎన్.ఇ.సి. సంస్థవారి పీసీ-98 అనే యంత్రం మీద నడిచేవి. 640 చుక్కల వెడల్పు, 400 చుక్కల ఎత్తు, 4096 రంగులలోంచి ఏరుకొన్న పదహారు రంగులు, ఇంతే ఆ యంత్రపు సంపద. ఐదింటిలో మొదటిది బంతితో పలకలు కొట్టే ఆట, అసలు తుపాకి ఆటే కాదు. 1997 నాటి రెండవది 'ఫూమరోకు'తో కాల్పులు ఆరంభమైనవి. పూజారిణి రేయిము మొదటి ఆట నాటిదే. మంత్రగత్తె మరిసా ఈ రెండవదానిలో అడుగుపెట్టింది. నాయికలిద్దరూ, గుండ్ల వానా, ఒక్క మనిషే సంగీతమూ బొమ్మలూ యంత్రభాషా కూర్చుకొనే పద్ధతీ, అన్నీ 2002కు ముందే సిద్ధంగా ఉన్నవి.

మరి ఆ ఐదింటినీ ఎందుకు మరచిపోయారు? యంత్రం చచ్చిపోయింది గనుక. 1982లో పుట్టిన పీసీ-98 వరుసను ఎన్.ఇ.సి. 2003లో ముగించింది. కోమాక్యో విండోస్ మీద నడిచేది. విండోస్ ప్రపంచమంతటా ఉన్నది. దొరికినదే మొదటిదైనది. ఇది మనకు కొత్త కాదు. నన్నయకు ముందు తెలుగులో పద్యమే లేదని అనుకొంటున్న కాలంలోనే అద్దంకి రాతిమీద తరువోజ నిలిచి ఉన్నది. గ్రంథం చేతికందినవాడు ఆదికవి, రాయి మాత్రం పొలం గట్టున. (నన్నయ గారి యోగ్యతను గురించి నాకు సందేహం లేదు, నా మాట ఆద్యత్వం వరకే.)

ఇక గుండ్ల తెర కూడ తోహో సొత్తు కాదు. టోప్లాన్ సంస్థ 1993లో తెచ్చిన 'బట్సుగన్' దగ్గరే ఆ నేత కనబడుతుంది. ఆ సంస్థ మూతపడగా అక్కడివారు కొందరు పెట్టుకొన్న కేవ్ సంస్థ 1995లో 'దోన్‌పాచి', 1997లో 'దోదోన్‌పాచి' తెచ్చి దానిని శాస్త్రంగా నిలబెట్టింది.

కృతి సంగతికి వద్దాము. ఒకనాటి వేసవిలో గెన్సోక్యో అనే కల్పిత సీమను ఎర్రని పొగమంచు కమ్ముతుంది. ఎండ గిట్టని రెమీలియా అనే రక్తపిశాచి, ఆకాశంలో సూర్యుడు కనబడకుండా చేసుకొన్న ఏర్పాటు అది. కథ చిన్నదే, ముద్దుగానే ఉన్నది. ఆట మాత్రం అక్కడక్కడ పచ్చిగా ఉన్నది. ఈ తరగతి ఆటలలో నాయిక బొమ్మ అంతటికీ దెబ్బ తగలదు; నడుమ ఉండే చిన్న చుక్కకు తగిలితేనే ప్రాణం పోతుంది. ఆ చుక్క ఎక్కడున్నదో కోమాక్యో చూపించదు. మరుసటి ఏడు, అంటే 2003 ఆగస్టులో వచ్చిన 'యోయోము'లో మెల్లగా కదిలే మీట నొక్కితే చుక్క తెల్లగా కనబడుతుంది; శత్రునాయకురాలు ఏ నిలువున ఉన్నదో అడుగున గుర్తు కూడ కనబడుతుంది. కోమాక్యోలో ఇవేవీ లేవు. సులభస్థాయిలో ఆడేవానికి ఆరవ అంకమే దక్కదు, ఐదవదానితో ఇంటికి పంపుతుంది. అంటే కొత్తవాడు రెమీలియా ముఖం చూడనే చూడడు! రెండవ అంకంలో చిర్నో అనే మంచుపాప చేసే ఒక దాడికి, సులభస్థాయిలో ఆమె ఎదుట నిలుచుంటే ఏ గుండూ తగలదు. మా మనుమడి పుణ్యమా అని నేను దాటిన గండం అదొక్కటే. అటువంటి ఆటను 'ఇక్కడే మొదలుపెట్టండి' అని కొత్తవారికి అప్పగించడం, అక్షరాలు రానివానికి ప్రబంధం చేతికిచ్చినట్లున్నది.

కీర్తిలోనూ అరువు సొమ్ము ఉన్నది. తోహోను గురించి ఏమీ తెలియనివారు కూడ విని ఉండే 'బ్యాడ్ ఆపిల్' బాణీ 1998 నాటి నాలుగవ ఆటలోనిది. 2007లో దానికి కొత్త పాటకట్టు వచ్చి, 2009 నాటి నీడబొమ్మల చిత్రంతో లోకమంతా పాకింది. చిర్నోను తెలివితక్కువ పాపగా చేసి, ఆమెకు తొమ్మిది అంకెను అంటగట్టినది 2005 నాటి ఆటతో ఇచ్చిన పుస్తకం. ఇవన్నీ వరుస అంతటి వైభవం. అభిమానులు తెచ్చి ఒక్క కోమాక్యో ఖాతాలో వేశారు. దాని సొంతమని ఒప్పుకోవలసిన బాణీ అదనపు అంకంలో ఫ్లాండ్రె రాగానే వినిపించేది. అగాథా క్రిస్టీ 1939 నాటి నవలలో ఎవరికీ తెలియని ఓవెన్ పేరు ఆ బాణీకి పెట్టాడు. ఆ బాణీకి వచ్చిన పేరు న్యాయమైనదే.

ఇంత కోత కోసిన తరువాత మిగిలేది ఏమిటి? పేర్లు. పూర్వపు ఆటలలో గుండ్ల అల్లిక వచ్చేది, పోయేది. ఆడినవాడు దానిని ఏమని చెప్పుకోవాలి? కోమాక్యోలో శత్రువు ఒక 'స్పెల్ కార్డు'ను ప్రకటించి కాని విశేషమైన అల్లిక వేయదు. పేరు తెరమీద పడుతుంది, గడియారం నడుస్తుంది. ప్రాణం పోకుండా, బాంబు వాడకుండా దాటినవానికి ఆ కార్డు దక్కుతుంది. అటువంటివి ఇందులో 64. భారతయుద్ధంలో సేనల బారు ఒక్కొక్కదానికి క్రౌంచమనీ మకరమనీ పద్మమనీ పేరున్నది గనుకనే అభిమన్యుని కథ మనకు జ్ఞాపకం. పేరు లేని బారు అయితే అది ఒట్టి తొక్కిసలాట. ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం ఎదురు అన్నప్పుడు సామాన్యుడికీ కళ్ళకు కడుతుంది. ఈ మర్మం ఆ జపాను యువకునికి పట్టుబడింది.

నాలుగవ అంకంలో పాచులి అనే గ్రంథాలయవాసిని ఉన్నది. (ఆ పేరుగల సుగంధపు మొక్క పేరు తమిళం నుండి వెళ్ళినదని నిఘంటువులు చెబుతాయి.) పంచధాతువులూ సూర్యచంద్రులూ ఆమె విద్య. నీటి కార్డుకు పాశ్చాత్యుల జలకన్య అన్‌డీన్ పేరు పెట్టిన కర్త, నిప్పు కార్డుకు మన అగ్నిదేవుని పిలిచాడు: 'అగ్ని షైన్'. మంటలు గుండ్రంగా విచ్చుకొంటూ మీదికి వస్తుంటే, దానిని దాటలేక చచ్చినవాడు కూడ ఏది తనను చంపినదో పేరు పెట్టి చెప్పగలడు. 'యోయోము' మొదలు తరువాతి ఆటలన్నీ చుక్కను చూపించినవి, గుర్తులు పెట్టినవి, 2004 నాటి ఎనిమిదవది ఒక్కొక్క కార్డును విడిగా అభ్యసించే వీలు కూడ కల్పించినది. అయినా పేరు పెట్టే పద్ధతిని ఏదీ విడువలేదు.