నాలుక కింది మాత్ర, రక్తనాళం లోపలి పొర

చొక్కా జేబులో సార్బిట్రేట్ మాత్ర పెట్టుకొని తిరిగే పెద్దలు మన సమావేశాలకే నలుగురైదుగురు వస్తారు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే ఈ జాతి మందు లోపలికి పోయి ఏం చేస్తుందో డాక్టర్లకే దాదాపు నూరేళ్లు తెలియలేదంటే నమ్ముతారా?

1879లో లండన్ డాక్టర్ విలియం మరెల్, గుండె నొప్పికి నైట్రోగ్లిజరిన్ ఇస్తే తగ్గుతుందని రాసినాడు. డైనమైట్‌లో ఉండేది కూడా అదే. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కే 1896లో డాక్టర్లు ఆ మందు రాసిచ్చినారు. విధి ఎంత వింతో చూడు అని ఆయన తన సహాయకుడికి ఉత్తరం రాసినాడు. మందు పని చేస్తుంది, ఎందుకు చేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

రక్తనాళం గోడలో కండరం ఉంటుంది. అది బిగిస్తే దారి ఇరుకు, వదిలితే వెడల్పు. ఆ కండరానికి లోపలి వైపు, రక్తం తగిలే చోట, ఒకే ఒక కణం మందంలో ఒక పొర ఉంటుంది. ఎండోథీలియం అని పేరు. పైపు లోపల పూసిన పూత మాదిరి, దానికి వేరే పనేమీ జాస్తి లేదనుకొన్నారు చానా మంది.

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు పెద్ద ధమనిని పట్టీలుగా కోసి మందులు పరీక్షించేవాడు. అసిటైల్‌కోలిన్ అనే పదార్థం బతికున్న శరీరంలో నాళాలను వదులు చేస్తుంది. ఈయన పట్టీలలో మాత్రం బిగించేది. 1953 నుంచీ ఇదే చిక్కు. 1978 మే నెలలో డేవిడ్ డేవిడ్‌సన్ అనే సహాయకుడు, పట్టీ బదులు ఉంగరం మాదిరి కోసిన ముక్కతో పరీక్ష చేస్తూ, చెప్పిన వరుస తప్పినాడు. ముందు మందు కడగకుండానే, అసిటైల్‌కోలిన్‌కు దగ్గరి మందైన కార్బకాల్ వేసినాడు. నాళం వదులైంది! మా ఆఫీసులో అయితే మెమో చేతికిచ్చేవాళ్లు. ఫర్చ్‌గాట్ ఎందుకని వెతికినాడు. పట్టీలు కోసేటప్పుడు లోపలి పొర రాసుకొని ఊడిపోతూ వచ్చిందని తేలింది. కబురు చెప్పేవాణ్ణి ఇంటినుంచి తరిమేసి, కబురు రాలేదని పాతికేళ్లు అనుకొన్నట్లు.

తర్వాత చేసిన పరీక్ష నాకు చానా నచ్చింది. పొర ఊడిన ముక్క మీద, పొర ఉన్న ముక్కను లోపలి వైపు ఆనేట్లు పెట్టినాడు. పొర లేనిది కూడా వదులైంది. అంటే పొరలోని కణం ఏదో బయటికి వదులుతుంది, పక్క కండర కణం దాన్ని అందుకుంటుంది. 1980లో జవాడ్‌స్కీతో కలిసి నేచర్ పత్రికలో రాసినాడు.

ఆ ఏదో ఏమిటని ఇంకో ఆరేడేళ్లు పట్టింది. నైట్రోగ్లిజరిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వస్తుందని 1977లోనే ఫెరిడ్ మురాద్ చూపించినాడు. పొర పంపే కబురు కూడా అదే వాయువు అని 1986లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో వేరువేరుగా చెప్పినారు. 1987లో ఇంగ్లండులో సాల్వడార్ మొంకాడా జట్టు కొలిచి చూపింది. మోటారు పొగలో ఉండే వాయువు, కొన్ని సెకన్లే నిలిచేది, ఒక కణం ఇంకో కణానికి పంపే కబురా అని చానా మంది ఆశ్చర్యపోయినారు.

1998లో నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు వచ్చింది. మొంకాడాను వదిలేసినారు, అది న్యాయం కాదని నా అభిప్రాయం. ఫర్చ్‌గాట్‌కు అప్పుడు 82 ఏళ్లు. సహాయకుడి పొరపాటు వల్లే దారి దొరికిందని నోబెల్ ఉపన్యాసంలో దాచకుండా చెప్పినాడు.

ఇదే పొర బిగించే కబురు కూడా పంపుతుంది. ఎండోథీలిన్ అనే ఆ పదార్థాన్ని 1988లో జపాన్‌లో యనగిసావా జట్టు కనుక్కొంది. చక్కెర జబ్బు, బీడీ సిగరెట్లు, ఎక్కువ బీపీ ఈ పొరను పాడు చేస్తాయి. అప్పుడు వదులు చేసే కబురు తగ్గుతుంది. నడిచేటప్పుడు రక్తం వేగంగా పారి పొరను ఒరుసుకుంటే ఆ కబురు పెరుగుతుంది. జేబులోని మాత్ర చేసేది, పొర పంపలేని ఆ కబురును బయటినుంచి కండరానికి అందించడమే.