పులుగా ఎవరు? అండమానులో సృష్టివాదమూ పరిణామవాదమూ

పోర్టు బ్లెయరులో ఖైదీల వలస 1858 మార్చిలో మొదలయింది. చార్లెస్ డార్విన్ రచించిన జాతుల ఉత్పత్తి గ్రంథం లండనులో 1859 నవంబరులో వెలువడింది. ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేని ఈ రెండు సంఘటనలూ అనతికాలంలోనే ముడిపడ్డాయి. జీవకోటిని ఒక కర్త సంకల్పించి నిర్మించాడా, లేక అది ప్రకృతి నియమాలను అనుసరించి క్రమంగా రూపొందిందా అన్న వివాదం యూరపులో చెలరేగినపుడు ఉభయపక్షాలవారూ సాక్ష్యం కోసం దిక్కులన్నీ వెదికారు. వారి చూపు నిలిచిన తావులలో అండమాను ఒకటి. అక్కడి ఆదిమవాసుల అస్థులు మొదట సాక్ష్యానికి వచ్చాయి. తరువాత వారి దేవుడు. ఆ తరువాత వారి తలవెంట్రుకలు. నేడు శ్రీ విజయపురం అని పిలువబడుతున్న ఆ నగరంలోని డాలీగంజ్‌కూ, మన హైదరాబాదుకూ ఈ కథ చివరి ఘట్టంలో పాత్ర ఉంది.

ఖైదీల వలసకు తగిన తావును నిర్ణయించడానికి 1857 చివర కలకత్తా నుంచి బయలుదేరిన సంఘానికి నాయకుడు డాక్టరు ఫ్రెడరిక్ మౌఅట్. ఆయన ద్వారా లభించిన ఒక అండమానీయుని ఎముకలు రిచర్డ్ ఓవెన్ పరీక్షకు వెళ్లాయి. ఓవెన్ ఆనాటి ఇంగ్లండులో శరీరనిర్మాణ శాస్త్రానికి మకుటం లేని మహారాజు. డైనోసారు అన్న మాటను పుట్టించినవాడు. సకశేరుకాల అస్థిపంజరాలన్నిటికీ మూలమైన ఒక ఆదిరూపం దైవసంకల్పంలో ఉన్నదని ఆయన నమ్మకం. మెదడు నిర్మాణాన్ని బట్టి మానవుని తక్కిన క్షీరదాలనుంచి వేరుచేసి ప్రత్యేకమైన ఉపవర్గంలో నిలిపాడు. ఆ విభజన నిలవదని థామస్ హక్స్‌లీ సభలలోనూ పత్రికలలోనూ ఖండిస్తున్న రోజులలోనే, 1861లో, మాంచెస్టరులో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభకు ఓవెన్ ఈ ద్వీపవాసులను గురించి నివేదిక సమర్పించాడు. ఆ ఎముకలూ దంతాలూ సంపూర్ణంగా మానవమైనవే, వాటిలో వానరానికి దగ్గర చేసే లక్షణమేదీ లేదన్నది దాని సారం. ఆ మాట నిజం. అయితే నివేదిక శీర్షికలో శారీరక లక్షణాలతోపాటు మానసిక లక్షణాలు కూడా చేరాయి. ఎముకలు ఆయన బల్లమీద ఉన్నాయి. మనస్సును గురించి మాత్రం ఆయన వద్ద ఉన్నవి విన్నమాటలే. ఆయన వారిని పిలిచిన మింకోపీలు అన్న పేరు సైతం ఆ ద్వీపవాసులు తమకు పెట్టుకున్నది కాదు.

ఎముకలతో తేలని వివాదాన్ని దేవుడు తేలుస్తాడని కొందరు ఆశించారు. మానవుని శరీరం వలెనే అతని మతం కూడా క్రమపరిణామం చెందినదని ఇ.బి.టైలర్ 1871లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. మొదట ఆత్మలు, ఆపైన అనేక దేవతలు, చివరకు ఏకేశ్వరుడు. అదే సంవత్సరం మానవుని పుట్టుకను గురించి ప్రకటించిన గ్రంథంలో డార్విన్ కూడా, సర్వశక్తిమంతుడైన ఈశ్వరునిపై విశ్వాసం మానవునికి ఆదినుంచి సహజంగా ఉన్నదనడానికి ఆధారం లేదన్నాడు. ఈ సోపానక్రమం సరియైనదైతే, అందరికంటె ఆదిమంగా జీవిస్తున్న జాతిలో సృష్టికర్త భావన కనబడకూడదు.

కనబడింది. ఎడ్వర్డ్ హొరేస్ మాన్ అండమానులో దీర్ఘకాలం పనిచేసిన ఉద్యోగి. దక్షిణ అండమాను భాషను నేర్చుకున్నాడు. 1882లో లండనులోని మానవశాస్త్ర సంస్థకు సమర్పించిన వ్యాసంలో పులుగా అనే దైవాన్ని లోకానికి పరిచయం చేశాడు. పులుగా అగ్నివంటివాడు, కంటికి కనబడడు. దుష్టశక్తులు తప్ప సమస్తాన్నీ సృష్టించాడు. పగటివేళ మనుషుల మనసులోని మాట గ్రహిస్తాడు. అబద్ధానికీ దొంగతనానికీ హత్యకూ ఆగ్రహిస్తాడు. ఇంతవరకు వింటే బైబిలు చదివిన పాఠకునికి పరిచితుడే ఎదురయినట్లుంటుంది. కాని అదే మాన్ ఇంకొన్ని సంగతులు కూడా నిజాయితీగా వ్రాశాడు. పులుగాకు ఆకాశంలో రాతి ఇల్లుంది, భార్య ఉంది. తేనెమైనం కాల్చితే ఆయనకు హత్యకు వచ్చినంత కోపమూ వస్తుంది. తుఫానులు ఆయన కోపమే.

తెలుగు చెవికి ఆ పేరు పులుగులా ధ్వనిస్తుంది. ఆ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. చెవికి తోచిన పోలికను అర్థంగా స్వీకరించడం ఎంత సులభమో చూపడానికి మాత్రం ఆ ఉదాహరణ చాలును. పులుగాను దేవుడుగా, అతడు చేసిన పనిని సృష్టిగా అనువదించినపుడు మాన్ సరిగా ఇటువంటి సులభమార్గమే తొక్కాడు. అతడు కల్పించాడని ఎవరూ అనలేరు. కాని అనువాదంలో ఒక మాటకు ఎదురుగా పెట్టిన మాట తన వెనుక ఉన్న శాస్త్రాన్నంతటినీ వెంటబెట్టుకొని వస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది ఇంగ్లండులో సృష్టికర్త అన్న మాట వెనుక విలియం పేలీ 1802లో చెప్పిన గడియారం ఉంది. దారిలో గడియారం దొరికితే దానిని చేసినవాడొకడు ఉంటాడన్నది ఆయన యుక్తి. ఆ యుక్తి మనకు కొత్తది కాదు. కుండకు కుమ్మరి వలె జగత్తుకు కర్త ఉండాలని అంతకు ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో సాధించబూనాడు. మన దేశంలో ఆ యుక్తిని కాదన్నవారందరూ నాస్తికులు కారు. మీమాంసకుడైన కుమారిలుడు కాదన్నాడు. పరమభాగవతుడైన రామానుజులు సైతం శ్రీభాష్యంలో, ఈశ్వరుడు శాస్త్రగమ్యుడే గాని కుండను చూసి కుమ్మరిని ఊహించినట్లు అనుమానంతో సిద్ధించేవాడు కాడని వాదించారు. మైనం కరిగిస్తే ఉరిమే పులుగా ఉదయనుని కర్త అవునా? ఆ ప్రశ్నను లండనులో అడిగినవారు లేరు.

ఆండ్రూ లాంగ్ మొదట టైలరు మార్గంలో నడిచినవాడే. 1898లో మతనిర్మాణాన్ని గురించి ప్రకటించిన గ్రంథంలో ఎదురు తిరిగాడు. ఆస్ట్రేలియా ఆదిమవాసుల దైవాలతోపాటు పులుగాను సాక్షిగా నిలిపి, ఉన్నతమైన దైవభావన మెట్లెక్కి చేరిన శిఖరం కాదనీ, మొదటినుంచీ ఉన్నదే పిమ్మట క్షీణించినదనీ అన్నాడు. ఇటువంటి దైవాలు మతప్రచారకుల ప్రభావం వలన ఏర్పడినవి కావచ్చునని టైలరు అంతకుముందే అనుమానించాడు. లాంగ్ వేసిన బాటలో విల్‌హెల్మ్ ష్మిట్ అనే క్రైస్తవ గురువు మరింత దూరం వెళ్లాడు. దైవభావన పుట్టుకపై ఆయన మహాగ్రంథం 1912 మొదలు 1955 వరకు పన్నెండు సంపుటాలుగా వెలువడింది. ఆయన దృష్టిలో పొట్టి జాతులవారి ఏకేశ్వర విశ్వాసం మానవజాతి తొలిదినాలలో దైవం తనను తాను ప్రకటించుకొన్నదనడానికి మిగిలిన గుర్తు.

ఈలోగా 1906లో ఎ.ఆర్.బ్రౌన్ అనే యువకుడు కేంబ్రిడ్జి నుంచి అండమానుకు వచ్చాడు. తెలుగువారు కృతజ్ఞతతో తలచే బ్రౌను కాడు. అనంతరకాలంలో రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌గా ప్రసిద్ధికెక్కిన మానవశాస్త్రజ్ఞుడు. 1908 వరకు జరిపిన పరిశోధనలో అతనికి తేలిన విషయం పండితులిద్దరికీ రుచించలేదు. దక్షిణాన పులుగా అయినది ఉత్తరాన బిలికు. దక్షిణాన పురుషుడు, ఉత్తరాన స్త్రీ. ఈశాన్యపు గాలితో వచ్చేది బిలికు. నైరుతి గాలికి వేరే తరాయి ఉన్నాడు. మైనం కరిగించరాదు, చిమటను చంపరాదు, కొన్ని కాలాలలో దుంపలు త్రవ్వరాదు అన్న నిషేధాలన్నీ ఋతుచక్రంతో ముడిపడినవి. కనుక ఇది ఏకేశ్వరుడు కాదు, ఋతుపవనానికి జనులు కల్పించుకొన్న మూర్తి అని అతని నిర్ణయం. 1910లో లండను పత్రికలో ష్మిట్‌తోనూ లాంగ్‌తోనూ ఈ విషయమై వాదం నడిచింది. 1922లో వెలువడిన బ్రౌన్ గ్రంథం నాటికి ఆ భాషలు మాట్లాడేవారి సంఖ్య వేగంగా తరిగిపోతూ ఉంది. వాదం పులుగాను గురించి కొనసాగింది. పులుగాను పిలిచే నోళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

వైరిపక్షాలకు ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయం. అండమానీయుడు మెట్లవరుసలో అట్టడుగు మెట్టు. దైవం మెట్లు నిర్మించాడనేవాడూ, ప్రకృతి నిర్మించిందనేవాడూ ఆ మనిషిని నిలిపింది ఒకే చోట. డార్విన్ సిద్ధాంతంలో ఈ మెట్లవరుసకు ఆధారం లేదు. అతడు గీసినది కొమ్మలు చీలిన చెట్టు. ఏ కొమ్మ చివర ఉన్న చిగురూ మరొక కొమ్మ చిగురుకు తాత కాదు.

తెలుగులో ఈ అపార్థానికి ఒక అదనపు కారణం ఉంది. మనం గ్రహించిన పరిణామ శబ్దం సాంఖ్యులది. పాలు పెరుగుగా మారినట్లు ప్రకృతి మహదాదులుగా, ఒక నియతమైన వరుసలో, పురుషుని ప్రయోజనం కొరకు మారుతుందని వారి మతం. డార్విన్ చెప్పిన ప్రకృతివరణానికి గమ్యం లేదు. శబ్దం పాతది, అర్థం కొత్తది. పాత అర్థం కొత్తదానిలోకి తరచు తొంగిచూస్తుంది. దశావతారాలతో జతకూర్చడం మరొక తొందరపాటు. మత్స్యం, కూర్మం, వరాహం, నారసింహం అన్న వరుసను డార్విన్ సిద్ధాంతంతో పోల్చడం 1877లో బ్లావట్‌స్కీ గ్రంథంలోనే కనబడుతుంది. పోలికను పోలికగా ఉంచినంతవరకు అది కవులకు చక్కని ఉపకరణం. నండూరి రామమోహనరావు జీవపరిణామాన్ని తెలుగువారికి సుబోధకంగా చెప్పిన గ్రంథానికి నరావతారం అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి ఎవరూ మోసపోరు, మురిసిపోతారు. కాని 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి జి.నాగేశ్వరరావు, దశావతార సిద్ధాంతం డార్విన్ సిద్ధాంతం కంటె మెరుగైనదని ప్రసంగించినపుడు ఉపమానం సిద్ధాంతపు ఆసనం ఎక్కి కూర్చున్నది. పురాణానికి అది గౌరవం కాదు. మత్స్యావతారం వేదోద్ధరణకు వచ్చినది. చేపల పుట్టుకను వివరించడానికి కాదు. 2023లో పదవ తరగతి పాఠ్యపుస్తకం నుంచి డార్విన్ సిద్ధాంతాన్ని తొలగించినందుకు 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులూ అధ్యాపకులూ బహిరంగలేఖపై సంతకాలు చేయవలసివచ్చింది.

డాలీగంజ్‌లో భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ప్రాంతీయ కేంద్రం ఉంది. ద్వీపాల జ్వరాలనూ కామెర్లనూ శోధించడం దాని నిత్యకృత్యం. చుట్టుపట్ల నగరంలో తెలుగు మాట బాగా వినబడుతుంది. 2011 లెక్కల ప్రకారం ద్వీపాల జనాభాలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. ఈ కేంద్రానికి చెందిన ఎస్.సి.సెహగల్, హైదరాబాదులోని కణ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, ఎ.జి.రెడ్డి ప్రభృతులు కలిసి 2003లో అండమానీయుల జన్యుసంబంధాలపై వ్యాసం ప్రకటించారు. జీవించి ఉన్నవారి నమూనాలతోపాటు వారు పరీక్షించిన వాటిలో కేంబ్రిడ్జిలో భద్రపరచిన పాత వెంట్రుకలు కూడా ఉన్నాయి. అవి నాడు బ్రౌన్ సేకరించి తీసుకువెళ్లినవే. పులుగాను గురించి వాదించిన మనిషి సంచిలో, ఎవరూ అడగని మరొక ప్రశ్నకు సమాధానం శతాబ్దకాలం ముడుచుకొని పడుకొన్నది.

2005 మే నెలలో హైదరాబాదు బృందం మరొక వ్యాసంలో, తల్లినుంచి సంక్రమించే జన్యుశాఖలను బట్టి ఓంగీలూ గ్రేట్ అండమానీయులూ 50 వేల నుంచి 70 వేల సంవత్సరాలుగా వేరుపడి ఉన్నారని అంచనా వేసింది. ఆ సంవత్సరమే డిసెంబరు 20న, భూగోళానికి ఆవలివైపున, పెన్సిల్వేనియాలోని డోవరు పాఠశాలల వ్యాజ్యంలో తీర్పు వెలువడింది. జీవులలోని జటిలత ఒక ధీమంతుని రచన అని బోధించే వాదం శాస్త్రం కాదని న్యాయమూర్తి జాన్ జోన్స్ తీర్పు చెప్పాడు. సాహిత్య విమర్శకులకు ఆ వ్యాజ్యంలో ఆసక్తికరమైన ఘట్టం పాఠపరిశీలన. ఆ వాదానికి ఆధారమైన పాఠ్యగ్రంథపు ముద్రణపూర్వ ప్రతులను బార్బరా ఫారెస్ట్ పక్కపక్కన పెట్టి చదివింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు సృష్టివాద బోధనను నిషేధించిన వెంటనే, సృష్టివాదులు అన్నచోటల్లా రచనావాదులు అన్న మాట దిగింది. ఒకచోట దిద్దినవాని చేయి జారి, పాత మాట తలా తోకా మిగిలి, నడుమ కొత్త మాట ఇరుక్కొన్న సంకరపదం ఏర్పడింది. వ్రాయసగాని హస్తదోషం నుంచి మాతృకను పట్టడం మన పరిష్కర్తలకు తెలిసిన విద్యే.

హైదరాబాదు వ్యాసానికి కూడా ఖండన వచ్చింది. 2006లో ఇతర పరిశోధకులు ఆ శాఖలలో ఒకదానికి దగ్గరి చుట్టరికం బెంగాలులోని రాజవంశీయులలో చూపి, ద్వీపాలకు వలస ఇంకా అర్వాచీనమై ఉండవచ్చునన్నారు. 2009లో తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డు శాస్త్రజ్ఞులతో కలిసి, దక్షిణ భారతీయుల పూర్వికులలో ఒక పాయ అండమానీయులకు దూరబంధువని నిరూపించారు. అంటే తెలుగువారికీ ఓంగీలకూ నడుమ ఉన్నది మెట్ల ఎడం కాదు, దాయాదుల ఎడం. 2016లో మరొక బృందం వారి సంపూర్ణ జన్యురాశిని చదివి, వారూ తక్కిన ఆసియావాసులూ ఆఫ్రికానుంచి ఒకే వలసలో బయలుదేరినవారేననీ, వారి పొట్టితనం ప్రకృతివరణం వలన కలిగినదనీ తేల్చింది. ఓవెన్ అట్టడుగు అనుకొన్న ఆ శరీరం ఆది నమూనా కాదు. ద్వీపంలో తరతరాలుగా దిద్దుకొన్న రూపం. పరిణామవాదం పదేళ్లలో తన అంచనాలను ఇన్నిసార్లు సవరించుకొన్నది. డోవరు గ్రంథంలో సవరించినది ఒక మాట మాత్రమే.

గ్రేట్ అండమానీయుల సంఖ్య 1961 లెక్కలలో 19. అకా-బో భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించింది. ఆమె వద్ద కూర్చుని మాటలు సేకరించిన అన్వితా అబ్బి 2012లో గ్రేట్ అండమానీ భాషకు నిఘంటువు ప్రకటించింది. ఆ జనం చెప్పుకొనే పుట్టుక కథలు లండను వాదులెవరికీ ఉపకరించేవి కావు. వాటిలో మనుషులే ముందు. ఒక విపత్తులో వారిలో కొందరు పక్షులయ్యారు. అందుచేత కొన్ని పక్షులను వారు తినరు, పూర్వికులుగా తలుస్తారు. మనుషుల భాష అర్థమయ్యేవారు కరువయిన చివరి సంవత్సరాలలో బోవా సీనియర్ తన భాషలో పక్షులతో మాట్లాడేదని అబ్బి వ్రాసింది.