పదునాలుగు బిట్లతో పదునారు బిట్ల గానము

కాంపాక్ట్ డిస్కు ఆవిర్భావమును గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది ఫిలిప్స్, సోనీ సంస్థల నడుమ నడచిన సంప్రదింపులను విపులముగ వర్ణించిరి గాని, ఆ సంప్రదింపులలో ఒక పక్షమువారికి ఎదురైన సంకటము నుండి జనించిన సర్క్యూటు రచనా కౌశలమును, దానికి దగిన గౌరవముతో స్మరించినవారు అరుదు. 1979 మార్చి 8వ తేదీన ఐంథోవెన్ నగరమున తమ డిస్కును లోకమునకు ప్రదర్శించిన ఫిలిప్స్‌వారు ధ్వనికి 14 బిట్లు చాలునని తలచియుండిరి. సోనీవారు 16 బిట్లకు తక్కువ వలదని పట్టుబట్టి నెగ్గించుకొనిరి. ఫిలిప్స్ చేతనున్నదో, టీడీఏ1540 అను 14 బిట్ల చిప్పు.

ఈ రెండు బిట్ల వ్యత్యాసము స్వల్పమని తోచవచ్చును. కాని 14 బిట్లు ధ్వని తీవ్రతను 16,384 అంతరువులుగ విభజింపగా, 16 బిట్లు 65,536 అంతరువులుగ విభజించును. సంఖ్యను విద్యుత్ప్రవాహముగ మార్చు చిప్పులో ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క ప్రవాహము, ముందరిదానిలో సరిగా సగము వంతున, ఉండవలెను. సిలికాను పలకపై ప్రక్కప్రక్కన మలచిన రెండు ట్రాన్సిస్టర్లు వేయింట ఒక పాలు భేదము లేకుండ సరిపోలుటయే దుర్లభమైనప్పుడు, అంతటి సూక్ష్మమైన సమభాగము లభించుటెట్లు? కొందరు తయారీదారులు నిరోధకములను లేసరు కిరణముతో చెక్కి సరిచేసిరి. ఫిలిప్స్ ఇంజనీరు రూడీ వాన్ డి ప్లాస్సే 1976లో ప్రకటించిన ఉపాయము వేరు. సరిగా లేని త్రాసులో సరకును ఒకమారు ఈ పళ్లెమునను, మరియొకమారు ఆ పళ్లెమునను ఉంచి తూచి సగటు తీసినచో త్రాసు దోషము చాలవరకు తొలగునట్లు, సగములు కాని రెండు ప్రవాహములను నిరంతరము తారుమారు చేయుచుండిన యెడల, సగటున రెండు మార్గములకును సమభాగమే అందునని ఆయన నిరూపించెను. అట్లు తారుమారగుటచే ప్రవాహమున లేచు చిన్న అలజడిని అణచుటకు చిప్పు వెలుపల కెపాసిటర్లను నిలుపవలసి వచ్చెను. అనగా చిప్పు యొక్క ఖచ్చితత్వములో కొంత భాగము చిప్పులో లేదు, దాని చుట్టునున్న బోర్డుపై నున్నది!

మిగిలిన రెండు బిట్ల లోటును పూరించినది ఎస్ఏఏ7030 అను డిజిటల్ ఫిల్టరు. డిస్కు నుండి సెకనుకు 44,100 చొప్పున వచ్చు సంఖ్యల నడుమ క్రొత్త సంఖ్యలను గణించి చేర్చి, వేగమును నాలుగింతలు చేసి 1,76,400కు పెంచుట దాని మొదటి పని. అందువలన సంఖ్యలను కుదించునప్పటి దోషము విశాలమైన పౌనఃపున్య పరిధిలో వ్యాపించి, చెవికి వినవచ్చు భాగమున పలుచబడెను. అంతటితో నిలువక, ప్రతి సంఖ్యను 14 బిట్లకు కుదించునప్పుడు మిగిలిన శేషమును పారవేయక తరువాతి సంఖ్య లెక్కలో చేర్చుటచే, ఆ దోషములో అధికాంశమును మానవ శ్రవణమునకు అందని ఉన్నత పౌనఃపున్యములకు తరలించిరి. మరియొక లాభము: 1982 అక్టోబరు 1న జపానులో విడుదలైన సోనీవారి సీడీపీ-101లో 20 కిలోహెర్ట్జ్ దాటగనే గోడ కట్టినట్లు అడ్డగించు జటిలమైన అనలాగ్ ఫిల్టరు తప్పనిసరి కాగా, ఫిలిప్స్ సీడీ100లో మృదువైన బెసెల్ ఫిల్టరు సరిపోయెను. కొరతగా కనిపించినది ఇట్లు సౌలభ్యమయ్యెను. ఇంజనీరింగు చరిత్రలో ఇంతకు మించిన సొగసైన పరిష్కారములు నాకు కొద్దిగనే తెలియును.

తరువాత వచ్చిన టీడీఏ1541 నిజముగనే 16 బిట్ల చిప్పు. దాని 28 కాళ్లలో సరిగా 14 కాళ్లు ఆ సగటు తీయు కెపాసిటర్ల కొరకే కేటాయింపబడెను. విద్యుత్ సరఫరా +5, -5, -15 వోల్టులని మూడు విధములు. దాని నుండి వెలువడునది 4 మిల్లీఆంపియర్ల ప్రవాహము. ఆ ప్రవాహము వెలువడు కాలిపై వోల్టేజి 25 మిల్లీవోల్టులను మించరాదు గనుక, ప్రవాహమును వోల్టేజిగ మార్చుటకు వట్టి నిరోధకము పనికిరాదు. తన ప్రవేశద్వారమును సున్నా వోల్టుల వద్ద నిలుపు ఎన్ఈ5534 వంటి ఆప్-యాంప్ ఆవశ్యకము. దానికి 1.5 కిలోఓముల నిరోధకమును జతచేసినచో సీడీ ప్లేయర్లకు అలవాటైన 2 వోల్టుల సంకేతము లభించును.

ఇటీవలి దశాబ్దములలో ఈ చిప్పులనే ప్రేమతో సేకరించి, డిజిటల్ ఫిల్టరును పూర్తిగ తొలగించి, సంఖ్యలను నేరుగ చిప్పునకు అందించు శ్రోతలు పెక్కురు గలరు. వారి అనురాగము నాకు ఆదరణీయమే. అయినను ఆ ఏర్పాటులో 20 కిలోహెర్ట్జ్ వద్ద ధ్వని సుమారు 3 డెసిబెళ్లు క్షీణించుటయు, 24 కిలోహెర్ట్జ్ నుండియే అనవసర ప్రతిబింబములు పొడసూపుటయు గణితసిద్ధములు. నాలుగింతల వేగమున ఆ క్షీణత డెసిబెల్లులో అయిదవ వంతైనను ఉండదు. కావున ఫిల్టరు అనావశ్యకమైన ఆటంకమను వాదమును నేను అంగీకరింపజాలను.